తొమ్మిది అంటే తెలియదు

మా రిజిస్టర్‌లో తొమ్మిది అంటే
తెలియదు.
ఏ గడి నిండకపోయినా తొమ్మిది కొట్టి
కింది గడికి దిగిపోవచ్చు.
కంప్యూటర్ ఒప్పుకుంటుంది.

వరంగల్ పెద్దాసుపత్రిలో
ఎక్స్‌రే గదికీ జనరేటర్‌కీ నడుమ నా కుర్చీ.
కట్టలు విప్పితే కేసు షీట్లు,
కొన్ని చెదలు తిన్నవి, కొన్ని సెలైన్‌లో తడిసి ఆరినవి.
పరకాల, ములుగు, ఏటూరునాగారం, నర్సంపేట
నా బల్ల మీద
పెద్దపేగు అనే ఒక్క గడిలో ఇరుక్కుంటాయి.

పేరు. వయసు. ఏ పని.
పేగులో ఎక్కడ, ఎన్నో స్టేజి.
మొదటి లక్షణం కనబడిన తేదీ.

ఇక్కడే వేళ్ళు ఆగిపోతాయి.
డాక్టర్లు రాయరు, తీరిక ఉండదు.
రోగులు చెప్పరు.
చెంబు పట్టుకుని చీకట్లో పోయి
చూసుకున్న ఎరుపుని
ఎవరికని చెబుతారు?
తొమ్మిది. తొమ్మిది. తొమ్మిది.
పోయిన ఏడాది నేను కొట్టినవన్నీ ఢిల్లీ దాకా పోయాయి.
అక్కడ ఎవరో కూర్చుని కూడితే
దేశం మొత్తానికీ ఒకటే జవాబు వచ్చి ఉంటుంది.

ఎలిగేటి ఓదెలు, యాభై రెండు,
ఎనుమాముల మిర్చి మార్కెట్‌లో హమాలీ.
ఆపరేషన్ చేసి పొట్టకు సంచి పెట్టారు.
కీమోకి రెండుసార్లు వచ్చాడు, మూడోసారి రాలేదు.
షీటు అడుగున ఫోన్ నంబరు,
అందులో ఏడో ఒకటో తేలని అంకె.
ఒకటితో చేస్తే జమ్మికుంటలో టైర్ల షాపు.
ఏడుతో చేస్తే ఆమె.

"ఎవలు?"
"ఆసుపత్రి నుంచమ్మా. ఓదెలు గారు..."
"గారా? ఆయినె పోయి ఏడు నెలలాయె."
నాకంటే ముందే నా చెయ్యి
మరణించిన తేదీ గడి దగ్గరకు పోయింది.
సిగ్గేసింది.

"ఇప్పుడు రాస్తే లేస్తడా బిడ్డా?"

ట్రైనింగ్‌లో బట్టీ పట్టించిన వాక్యాలున్నాయి,
ఈ వివరాలు రాబోయే రోగులకు, అంటూ.
గొంతు దాటలేదు.
"నెత్తురు మొదట ఎప్పుడు కనబడిందమ్మా?"

చాలాసేపు సప్పుడు లేదు.
తర్వాత మేకు నుంచి ఏదో తీసినట్టు,
కాగితాల రెపరెప.

"కిరాణం దుక్నపాయన ఇచ్చిన క్యాలెండరున్నది.
ఎన్ని బస్తాలు మోస్తె అన్ని రాసుకుంటుంటి.
సదువుత, రాస్కో.
శివరాత్రి తెల్లారి నూటపది.
హోలీకి ముందటి దినం నూటపది.
హోలీ తెల్లారి లుంగి తనే ఉతుక్కుండు.
ముప్పై ఏండ్ల కాపురంల
ఒక్క బట్ట ఉతికినోడు గాదు.
రంగు మరకన్నడు.
నేనూ రంగే అనుకున్న.
ఉగాది పోయినంక అరవై.
మొలలని పరకాల కాడ పసరు తాగిండు,
ఆరెంపీ సూదులిచ్చిండు.
దసరాకు ఇరవై.
అటెన్క సున్న పెట్ట చేతులాడక
ఉత్తగ ఇడిసిన."

హోలీ తెల్లారి. తేదీ వెతికి కొట్టాను.
జబ్బు తేలిన తేదీ దాకా
కంప్యూటర్ తానే తీసివేసి చూపింది:
రెండు వందల అరవై ఎనిమిది రోజులు.
బస్తాలకు గడి లేదు.
ఇతర వివరాల్లో నలభై అక్షరాలకే చోటు.
నూటపది, అరవై, ఇరవై అని అంకెలే కొట్టి,
చెప్పినవారు అన్నచోట
ఆమె పేరు అడిగి రాశాను. సారలక్ష్మి.

"ఇంకొక్కటి బిడ్డా.
మా మరిది గూడ గా మార్కెట్లనే మోస్తడు.
మొన్నటి సంది
బట్టలు తనే ఉతుక్కుంటుండు."

బుధవారం తీసుకురమ్మన్నాను.
ఎనిమిదింటికే వరుస పెరుగుతుంది,
పెద్ద గేటు కాడికొచ్చి ఈ నంబరుకే చెయ్యమన్నాను.
మొలలే కావచ్చు, అన్నాను.
కావచ్చు, అన్నది.

జనరేటర్ మొదలైంది.
ఆ మోతలో ఫోన్ పెట్టేయబోతుంటే ఆమె అరిచింది:
"ఆగు, ఆగు, తప్పు జెప్పిన.
తెల్లారి గాదు.
హోలీనాడే, పొద్దుమీకి ఉతికిండు.
దండెం మీద ఆరకుంటనే పొద్దువోయింది."

దిద్దాను.
రెండు వందల అరవై తొమ్మిది.